చెల్లెలికి స్టాటిస్టిక్స్ కావాలంట, నాయనకు సీఎస్ఈ కావాలంట. ఏ చదువుకు ఎంత వస్తాదో తెలిసినోళ్లు చెప్పండి

హంద్రీగట్టు (కర్నూలు)

అందరికీ నమస్తే. మాది పత్తికొండ దగ్గర పల్లె. నేను కర్నూలులో ట్రాక్టర్ల షోరూంలో స్పేర్ పార్ట్స్ కౌంటర్ చూసుకుంటాండా. మా చెల్లెలు ఈ ఏడు ఇంటర్ ఎంపీసీ అయిపోయింది, 1000కి 941. ఈఏపీసెట్‌లో మాత్రం 61 వేల ర్యాంకు.

తనకు డిగ్రీలో స్టాటిస్టిక్స్ చదవాలని ఉంది. వాళ్ల ఇంటర్ మేడం ఎవరో మనసులో పెట్టినారు. నాయన మాత్రం సీఎస్ఈ తప్ప ఇంకోటి వద్దంటాడు. కన్వీనర్ కోటాలో రాకపోతే మేనేజ్‌మెంట్ సీటు మాట్లాడతానని, డొనేషన్‌కు 3 లక్షలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తానని పట్టుబట్టి కూర్చున్నాడు. పోయిన పంట టమాటా కోత కూలి కూడా రాలేదు, ఆ అప్పే ఇంకా ఉంది.

నా సంగతి కూడా చెప్పాల. నేను 2019లో మెకానికల్ బీటెక్ పాసైనా. రెండేళ్లు ఇంట్లో కూర్చున్నా. ఇప్పుడు నెలకు 19 వేలు. నాకు జరిగింది తనకు జరగకూడదు, అంతే నా బాధ. ఆప్షన్లు పెట్టుకోడానికి ఇంకా వారమే ఉంది. ఏ సబ్జెక్టు చదివితే నిజంగా చేతికి ఎంత వస్తాది, ఎన్నేళ్లకు వస్తాది? పేరుకు కాదు, మీకు వచ్చింది చెప్పండి.

సీమబిడ్డ_99 (నంద్యాల)

సీఎస్ఈ వేయించు అన్నా, ఆలోచించొద్దు. మా మేనమామ కొడుక్కి 12 లక్షల ప్యాకేజీ వచ్చింది.

బెంగుళూరు_హిందూపురం

తమ్ముడూ, నేను సీఎస్ఈ చదివినోణ్ణే. బెంగుళూరులో ఆరేళ్లుగా పనిచేస్తున్నా. సీఎస్ఈ వద్దని చెప్పను, నాకు అన్నం పెట్టింది అదే. కానీ ప్యాకేజీ అనే మాట మీ నాయనకు అర్థమయ్యేలా చెప్పాల. నా మొదటి నెల జీతం కాగితం ఇప్పటికీ దాచుకున్నా, అదే రాస్తా.

ఆఫర్ లెటర్‌లో 3 లక్షల 60 వేలు. అంటే నెలకు 30 వేలు అనుకుని ఊళ్లో అందరికీ చెప్పేసినాం. అందులో కంపెనీ కట్టే పీఎఫ్ 1,800 కూడా మన ప్యాకేజీలోనే లెక్క. గ్రాట్యుటీ 720, అది ఐదేళ్లు నిండితేనే. ఇన్సూరెన్స్ 500. 'వేరియబుల్' 1,500, అది ఏడాది చివర ఇస్తే ఇచ్చినట్టు. ఇవన్నీ పోను 25,480. దాంట్లో మళ్లీ నా వాటా పీఎఫ్ 1,800, కర్ణాటక వృత్తి పన్ను 200. బ్యాంకులో పడింది 23,480. పీజీ హాస్టల్‌కు 8,500 కట్టి, బస్సు పాసు, ఫోను, మధ్యాహ్నం భోజనం పోను ఇంటికి పంపింది 6 వేలు.

ఇప్పుడు మీ నాయన లెక్క చూడు. 3 లక్షలకు నూటికి రెండంటే నెలకు 6 వేలు. నేను ఇంటికి పంపిన డబ్బంతా ఒక్క వడ్డీకే సరిపోతాది. అదీ ఉద్యోగం వచ్చినాక. చదివే నాలుగేళ్లలో వడ్డీనే 2 లక్షల 88 వేలు అవుతాది, అసలు అట్లనే ఉంటాది.

కొత్తగా చేరేవాళ్లకు పెద్ద సర్వీసు కంపెనీల్లో ఈ మూడున్నర లక్షల చుట్టూనే పదేళ్లకు పైగా నిలబడిపోయింది. అద్దె మాత్రం నిలబడలేదు. మూడు నాలుగేళ్లు పని నేర్చుకుని కంపెనీ మారితే అప్పుడు పెరుగుతాది. నాకూ అట్లనే పెరిగింది. ఆ మూడు నాలుగేళ్లు అప్పు లేకుండా గడవాల, అదీ సంగతి.

పెన్నా_మాష్టారు (అనంతపురం)

నాయనా, నేను డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరయినవాణ్ణి. కాబట్టి నా మాటలో కొంత పక్షపాతం ఉంటుంది, అది తీసేసి చదువుకో.

పై అబ్బాయి మేనమామ కొడుక్కి 12 లక్షలు వచ్చాయన్నాడు. వచ్చే ఉంటాయి, సంతోషం. కానీ ఒకరికి వచ్చింది చూసి క్లాసు సంగతి చెప్పలేం. పదో తరగతిలో సరాసరి, మధ్యగతం, బాహుళకం అని చదువుకున్నారు గుర్తుందా? ఐదుగురికి ఉద్యోగాలు వచ్చాయనుకోండి. నలుగురికి 3 లక్షల చొప్పున, ఒకరికి 43 లక్షలు. సరాసరి తీస్తే 11 లక్షలు. కాలేజీ గేటు మీద ఆ 11 వేస్తారు, ఆ 43 వచ్చిన బిడ్డ ఫొటో వేస్తారు. వరుసగా నిలబెట్టి మధ్యలోవాణ్ణి అడిగితే 3 లక్షలే అంటాడు, మధ్యగతం అంటే అదే. మీ చెల్లెలు కూడా ఎక్కువ శాతం ఆ మధ్యలోనే ఉంటుంది, మన బిడ్డలందరూ అక్కడే ఉంటారు. అందుకని ఏ కాలేజీకి వెళ్లినా మధ్యలోవాడి జీతం అడగండి.

అది దొరికే చోటు ఉంది. కేంద్ర విద్యాశాఖ ర్యాంకులు ఇచ్చే ఎన్ఐఆర్ఎఫ్‌లో పాల్గొన్న ప్రతి కాలేజీ తన వివరాల కాగితాన్ని సొంత వెబ్‌సైట్లో పెట్టాలి. అందులో వరుసగా గళ్లు ఉంటాయి: మొదటి ఏడాది చేరినవారు ఎందరు, గడువులో పాసైనవారు ఎందరు, ఉద్యోగం వచ్చినవారు ఎందరు, వారి జీతం మధ్యగతం ఎంత, పైచదువుకు వెళ్లినవారు ఎందరు. ఆ అంకెలు కాలేజీ తానే ఇచ్చుకున్నవి, అది మనసులో పెట్టుకోవాలి. ఇంకా ముఖ్యం, ఆ మధ్యగతం ఉద్యోగం వచ్చినవాళ్లది మాత్రమే. 60 మంది చేరి, 45 మంది పాసై, 22 మందికి ఉద్యోగం వస్తే, ఆ 22 మందిలో మధ్యవాడి జీతమే అక్కడ రాస్తారు. మిగతా 38 మంది ఆ గడిలో లేరు. ముందు ఆ 38 మందిని లెక్కపెట్టి, తర్వాత జీతం చూడండి.

ఇంకొకటి. అజీం ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం 2023లో పని పరిస్థితుల మీద ఇచ్చిన నివేదిక ప్రకారం, దేశంలో పాతికేళ్ల లోపు పట్టభద్రుల్లో నిరుద్యోగం 42 శాతానికి పైనే. అదే 35 దాటిన పట్టభద్రుల్లో 5 శాతం లోపు. అంటే చివరికి అందరూ ఏదో ఒక పనిలో కుదురుకుంటున్నారు. ఆ పని చదువుకు తగ్గదా కాదా అన్నది వేరే మాట. నువ్వు మెకానికల్ చదివి స్పేర్ పార్ట్స్ దగ్గర ఉన్నావు. నీ దగ్గరికి వచ్చే రైతుకు ఏ బేరింగ్ ఎందుకు అరిగిందో నువ్వు చెప్పగలవు, అది చదువే. కానీ ఆ పదేళ్ల మధ్య కాలంలో ఇల్లు ఎలా గడవాలన్నది ఎవరూ బ్యానరు మీద రాయరు.

హంద్రీగట్టు (కర్నూలు)

మాష్టారూ, చేతులెత్తి మొక్కుతా. నాయన మేనేజ్‌మెంట్ సీటు మాట్లాడతానన్న కాలేజీకి రేపు ఆయన్ను తీసుకుని పోతాం. మీరు చెప్పినవి కాగితం మీద రాసుకున్నా.

తుంగభద్ర_నీళ్లు (ఎమ్మిగనూరు)

డిగ్రీ అంటే చాలామంది బీఈడీ, డీఎస్సీ అనుకుంటారు. అందుకే నా సంగతి రాస్తున్నా. నేను బీఎస్సీ మ్యాథ్స్, తర్వాత బీఈడీ. 2018 డీఎస్సీ నాటికి నా బీఈడీ పూర్తి కాలేదు. ఆ తర్వాత మెగా డీఎస్సీ 2025 ఏప్రిల్‌లో వచ్చింది, 16,347 పోస్టులు. మధ్యలో నా పెళ్లయింది, ఇద్దరు పిల్లలు పుట్టారు. ప్రైవేటు స్కూల్లో 9 వేల జీతంతో మొదలుపెట్టి, పొద్దున స్కూలు, సాయంత్రం ట్యూషన్, రాత్రి పిల్లలు పడుకున్నాక పుస్తకం. పోటీ పరీక్షలకు ఎదురుచూసేవాళ్ల వయసు ఎట్లా కరిగిపోతుందో నాకు తెలుసు.

స్కూల్ అసిస్టెంట్‌కు మొదటి బేసిక్ 44,570. మన ఊళ్లోనే ఉండి అంత జీతం వచ్చే ఉద్యోగాలు వేళ్ల మీద లెక్కపెట్టాల్సిందే. అందుకే అంతమంది రాస్తారు. చెల్లెమ్మకు టీచరు కావాలని ఉంటే తప్పకుండా చేయమను, కానీ నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో ఎవరి చేతుల్లోనూ లేదు. అప్పటిదాకా చేతిలో ఇంకో పని ఉండాలి. ఒట్టి మ్యాథ్స్ కంటే స్టాటిస్టిక్స్, కంప్యూటర్స్ ఉన్న గ్రూపు మేలు అనేది అందుకే.

కడప_నర్సమ్మ

ఇక్కడ అందరూ ఎంపీసీ గురించే మాట్లాడుతున్నారు, బైపీసీ పిల్లలు కూడా చదువుతుంటారని రాస్తున్నా. నేను బీఎస్సీ నర్సింగ్. కడపలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో 13 వేలకు చేరా. నైట్ డ్యూటీలో ఇద్దరు చేయాల్సిన పని ఒక్కదాన్నే చేశా. మూడేళ్లు అదే. కానీ ఎయిమ్స్ వాళ్ల నార్‌సెట్ రాసి నర్సింగ్ ఆఫీసర్ అయితే బేసిక్ 44,900తో మొదలవుతుంది. మా బ్యాచ్‌లో ఇద్దరు అట్లా మంగళగిరి ఎయిమ్స్‌కు వెళ్లారు. ఒకమ్మాయి జర్మన్ భాష బీ2 అనే స్థాయి దాకా నేర్చుకుని ఆ దేశం పోయింది. చదువు ఒకటే, క్లాసు ఒకటే, నా జీతానికీ వాళ్ల జీతానికీ ఎంత తేడా ఉందో చూడండి. కోర్సు పేరు చూసి జీతం చెప్పలేం అన్నది నా అనుభవం. నేను ఇప్పుడు మళ్లీ చదువుతున్నా.

ఓర్వకల్లు_ఎండ

డిప్లొమా ఎలక్ట్రికల్. గని, శకునాల దగ్గర 1,000 మెగావాట్ల సోలార్ పార్కు కట్టేటప్పుడు చుట్టుపక్కల పల్లెల పిల్లలం ఎంతమందిమి పనిచేసినామో. కట్టడం అయిపోయినాక అంతమంది అక్కర్లేదు. పలకలు కడగడానికి, ఇన్వర్టర్లు చూసుకోడానికి కొద్దిమంది చాలు. ఫ్యాక్టరీ వస్తాది, ప్రాజెక్టు వస్తాది అని విని కోర్సు ఎంచుకోవద్దు. కట్టేటప్పటి ఉద్యోగాలు వేరే, నడిపేటప్పటి ఉద్యోగాలు వేరే. ఏది ఎన్నేళ్లు ఉంటాదో అడగాల.

ఎర్రగుంట్ల_రాయి

దానికి నాది ఒకటి కలుపుతా. మన సీమలో భూమి కింద ఉన్నంత సంపద భూమి మీద లేదు. మంగంపేట ముగ్గురాయి, తుమ్మలపల్లె యురేనియం, ఎర్రగుంట్ల సున్నపురాయి, దాని మీద నడిచే సిమెంటు ఫ్యాక్టరీలు. ఇంత ఉన్నా జియాలజీ చదివే పిల్లలు మన ఊళ్లల్లో తక్కువ. నేను ఎమ్మెస్సీ జియాలజీ చేసి క్వారీలో శాంపిళ్లు చూసే పనిలో ఉన్నా. జియలాజికల్ సర్వేలో పోస్టులకు యూపీఎస్సీ విడిగా పరీక్ష పెడుతుంది. రాసేవాళ్లు సివిల్స్ అంతమంది ఉండరు. చెల్లెలికి సంబంధం లేకపోవచ్చు, ఎవరికైనా పనికొస్తుందని రాసినా.

ప్రొద్దుటూరు_టు_లండన్

మాష్టారు చెప్పిన 38 మంది మాట చదివి ఆగలేక రాస్తున్నా. నేను ఇంగ్లండ్‌లో ఉంటాను. ఇక్కడ ప్రభుత్వం యూనివర్సిటీ రికార్డులను పన్ను రికార్డులతో కలిపి, ఏ సబ్జెక్టు ఏ యూనివర్సిటీలో చదివినవాళ్లు 1, 3, 5 ఏళ్ల తర్వాత ఎంత సంపాదిస్తున్నారో ప్రచురిస్తుంది. కాలేజీ చెప్పేది కాదు, పన్ను ఆఫీసు చెప్పేది. వైద్యం, ఎకనామిక్స్ పైన ఉంటాయి, చిత్రలేఖనం, నాటకం లాంటి కళలు అడుగున ఉంటాయి. 2020లో ఇక్కడి ఐఎఫ్ఎస్ అనే పరిశోధనా సంస్థ జీవితకాలం మొత్తం లెక్కగట్టి, ప్రతి ఐదుగురిలో ఒకరికి యూనివర్సిటీకి పోకపోయి ఉంటేనే డబ్బుపరంగా మేలు అని తేల్చింది.

కానీ ఆ లెక్క చేసినవాళ్లే ఒక జాగ్రత్త చెబుతారు. ఎకనామిక్స్‌లో చేరేవాళ్లు ముందే మంచి మార్కులవాళ్లు, కలిగినింటి పిల్లలు. వాళ్లు ఏం చదివినా ఎక్కువే సంపాదించేవాళ్లేమో. కాబట్టి తేడా అంతా సబ్జెక్టు పుణ్యం కాదు. ఒకే మార్కులు, ఒకే రకం ఇల్లు ఉన్న ఇద్దరిని పోల్చి చూస్తే తేడా తగ్గుతుంది, మాయమైపోదు.

మన దగ్గర అలాంటి పట్టిక ఉంటే హంద్రీగట్టు తమ్ముడు ఇక్కడికి వచ్చి అడిగే పని ఉండేది కాదు. పీఎఫ్ ఖాతాలున్నాయి, ఆధార్ ఉంది, యూనివర్సిటీ రికార్డులున్నాయి. పేర్లు తీసేసి కలిపితే ప్రతి కోర్సుకూ నిజం బయటపడుతుంది. ఇది మనం గట్టిగా అడగాల్సిన విషయం.

బెంగుళూరు_హిందూపురం

అన్నా, మంచి మాట. కానీ మాష్టారితో ఒక విషయంలో నేను కలవలేను. క్యాంపస్‌కు వచ్చే కంపెనీ ముందు బ్రాంచి చూస్తాది. బీటెక్ అయితే హాల్లోకి రానిస్తారు. బీఎస్సీ పిల్లకు తెలివి ఎంత ఉన్నా మా కంపెనీ క్యాంపస్‌కు పోయినప్పుడు గేటు బయటే. నేనే రెండుసార్లు ఇంటర్వ్యూలకు పోయినా, కళ్లారా చూసినా. బీఎస్సీ, బీసీఏ వాళ్లను తీసుకుని పనిచేస్తూనే ఎంటెక్ చదివించే విప్రో లాంటి పద్ధతులు ఉన్నాయి కానీ మొదటి జీతం తక్కువ. డిగ్రీ వేయిస్తే ఆ పిల్ల రెండు మెట్లు కింద నుంచి ఎక్కాల. ఇది దాచి చెప్పకూడదు.

పెన్నా_మాష్టారు (అనంతపురం)

నిజమే బాబూ, ఒప్పుకుంటాను. నా విద్యార్థులు ఆ గేటు బయట నిలబడి నాకు ఫోన్ చేసిన రోజులు ఉన్నాయి. డిగ్రీలో చేరి ఊరుకుంటే అదే జరుగుతుంది. నేను ఆ పిల్లతో మాట్లాడాలి. ఏం చేయాలని ఉంది తనకు?

హంద్రీగట్టు (కర్నూలు)

నమస్తే సార్, అన్న ఫోన్లోంచి నేనే రాస్తున్నాను.

ఇంటర్ సెకండియర్‌లో సంభావ్యత చాప్టర్ చదివేటప్పుడు మా మేడం ఊళ్లో వానలు రాసుకురమ్మన్నారు. మా తాత ఒక నోటుబుక్కులో ఏ కార్తెకు ఎన్ని పదునుల వాన పడిందో రాసేవాడు, 14 ఏళ్లది ఉంది. అది తీసుకుపోయి లెక్కలు వేశాను. మృగశిరలో విత్తిన ఏళ్లు, ఆరుద్రలో విత్తిన ఏళ్లు పక్కపక్కన పెడితే నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు. ఇట్లాంటి పని చేసే ఉద్యోగం ఉంటే నాకు అదే కావాలి. ప్రోగ్రామింగ్ అంటే భయం లేదు, నేర్చుకుంటాను. నాయన అప్పు చేస్తే మాత్రం నేను చదవలేను సార్. క్లాసులో కూర్చున్నా అదే గుర్తొస్తుంది.

పెన్నా_మాష్టారు (అనంతపురం)

తల్లీ, తాత నోటుబుక్కు జాగ్రత్తగా పెట్టుకో. 14 ఏళ్లు చాలా తక్కువ, అయినా అక్కడినుంచే మొదలవుతుంది.

నీకు తెలియాల్సినవి రాస్తాను, వరుస ఏమీ లేదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పెట్టే సీజీఎల్ పరీక్షలో జూనియర్ స్టాటిస్టికల్ ఆఫీసర్ అని ఉంది. డిగ్రీలో స్టాటిస్టిక్స్ ఒక సబ్జెక్టుగా ఉంటే రాయొచ్చు, బేసిక్ 35,400. యూపీఎస్సీలో ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీసు ఉంది, 21 ఏళ్లు నిండిన స్టాటిస్టిక్స్ పట్టభద్రులు రాయొచ్చు, బేసిక్ 56,100. పోస్టులు తక్కువ, పేపర్లు ఎమ్మెస్సీ స్థాయిలో ఉంటాయి. కాబట్టి డిగ్రీ తర్వాత ఎమ్మెస్సీ చేసే లెక్కలోనే ఉండు. ఆ రెండేళ్లు హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ లాంటి చోట దొరికితే మరీ మంచిది. దానికి సీయూఈటీ పీజీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. బీమా కంపెనీల లెక్కలు చూసే యాక్చురీ పరీక్షలు కూడా డిగ్రీలో ఉండగానే మొదలుపెట్టొచ్చు.

బెంగుళూరు అబ్బాయి చెప్పిన గేటు సంగతి. మ్యాథ్స్‌తో బీఎస్సీ చేసినవాళ్లు ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. ఐసెట్ రాసి రెండేళ్ల ఎంసీఏ చేయొచ్చు. అంటే ఇప్పుడు డిగ్రీలో చేరితే ఆ దారి మూసుకుపోదు. మన రాష్ట్రంలో డిగ్రీలో ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. చాలామంది దాన్ని ఎవరి సంతకమో పెట్టించుకుని కానిచ్చేస్తున్నారు, నేను స్వయంగా చూసి బాధపడ్డాను. నువ్వు ఆ పని చేయవద్దు. మార్కెట్ యార్డులో ఉల్లి ధరలు చూడు, వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో అడుగు, పంచాయతీలో అడుగు. ఎక్కడైనా నిజమైన అంకెల మీద పని చేసి, నీ పేరుతో ఒక నివేదిక చేతిలో పెట్టుకుని బయటకు రా. ఎక్సెల్, పైథాన్ మొదటి ఏడాదే పట్టు.

బెంగుళూరు_హిందూపురం

ఆ నోటుబుక్కు మాట చదివినాక నా వాదన పక్కన పెడతాండా. చెల్లెమ్మా, మా టీంలో డేటా చూసేవాళ్లలో ఒకమ్మాయి బీఎస్సీ స్టాటిస్టిక్సే. పైథాన్ దగ్గర ఎక్కడ ఆగిపోయినా ఇక్కడే అడుగు, నేను చెప్తా.

హంద్రీగట్టు (కర్నూలు)

ఈరోజు నాయన, నేను ఆ కాలేజీకి పోయొచ్చినాం. ఆఫీసులో కూర్చున్నాయన హైయెస్ట్ ప్యాకేజీ చెప్పినాడు. మధ్యలోవాడిది ఎంత అన్నా అని అడిగితే ఫైలు తిరగేసి, అట్లా లెక్క మేం పెట్టం అన్నాడు. మీ ఎన్ఐఆర్ఎఫ్ కాగితం చూపించండి అంటే ప్రిన్సిపాల్ లేరు, సోమవారం రండి అన్నారు.

నాయన ఏం మాట్లాడలేదు. బస్టాండులో టీ తాగేటప్పుడు హిందూపురం అన్న రాసిన జీతం కాగితం ఇంకోసారి చదవమన్నాడు. 23,480 అని వినంగానే వేళ్ల మీద లెక్కేసుకున్నాడు. కొంచెంసేపు ఉండి, "వడ్డీ కట్టేకి మనం బిడ్డను పట్నం పంపల్లనా?" అన్నాడు. ఆ మాటకు నాకు గొంతు పట్టుకుపోయింది.

ఇప్పుడు అనుకున్నది ఇది. కన్వీనర్ కోటాలో నాలుగైదు మంచి కాలేజీలకే ఆప్షన్లు పెడతాం. వస్తే చూస్తాం, ఆ మాట చెల్లెలికే వదిలేస్తాం. మేనేజ్‌మెంట్ సీటు మాట లేదు, అప్పు మాట లేదు. రాకపోతే కర్నూలులో ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్. రేపు పొద్దున నాయనే తనను తీసుకుని పోయి కాలేజీ చూపిస్తానంటాడు. డిగ్రీ అడ్మిషన్‌కు ఏమేం కాగితాలు పట్టుకుపోవాల? రాత్రికే చెప్పండి.

తుంగభద్ర_నీళ్లు (ఎమ్మిగనూరు)

టీసీ, పది, ఇంటర్ మార్కుల మెమోలు, కులం, ఆదాయం సర్టిఫికెట్లు, ఆధార్, ఫొటోలు. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు మర్చిపోవద్దు తమ్ముడూ, లోకల్ కోసం అడుగుతారు. అన్నీ మూడేసి జిరాక్సులు తీయించండి. ఆధార్‌కు లింకయిన ఫోను నాయన జేబులోనే ఉండనీ, ఓటీపీ దానికే వస్తుంది.